సిలువ చెంత సిపాయి

తుపాకీ పట్టడం పాపమని నమ్మి, ఆ నమ్మకం కోసం దేశాలకు దేశాలే వదిలి వెళ్లినవాళ్లు ఒకప్పుడు నల్గొండ, పాలమూరు పల్లెలకు వచ్చి చర్చీలు కట్టారు. ఇప్పుడు అవే పల్లెల కుర్రాళ్లు ఫౌజులో చేరడం కోసం తెల్లవారుజామునే పరుగులు తీస్తున్నారు. అయితే 2025లో ఓ క్రైస్తవ సైనికాధికారి విషయంలో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ప్రశ్న తుపాకీ గురించి కాదు... గర్భగుడి గడప గురించి!

నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి, గద్వాల... ఈ ఊళ్లలో బస్సు దిగి ‘ఎం.బి. చర్చి’ ఎక్కడని అడిగితే చాలు, దారి చెప్పేస్తారు. ఎం.బి. అంటే ఏంటని అడిగితే మాత్రం కాసేపు ఆలోచిస్తారు. ‘మెన్నోనైట్ బ్రదరన్’ అని చెప్పగలిగినవాళ్లలోనూ ఆ మెన్నో ఎవరో తెలిసినవాళ్లు తక్కువే. తెలిస్తే ఆశ్చర్యపోతారు. ఆయన పేరు పెట్టుకున్న సంఘం తరాల తరబడి మూటాముల్లె సర్దుకుని దేశాలు తిరిగింది... ‘సైన్యంలో చేరం’ అన్న పంతంతో!

ఇవాళ అదే గడ్డ మీద ‘మావోడు మిలట్రీల ఉన్నడు’ అని చెప్పుకోవడం ఏ తల్లికైనా గర్వమే. ఆమె మెడలో సిలువ ఉన్నా, నుదుట బొట్టు ఉన్నా. సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు 2020 జూన్ 15న గల్వాన్ లోయలో ప్రాణాలు వదిలాక, ఉమ్మడి నల్గొండ జిల్లాలో మిలిటరీ అన్న మాటకు మరింత బరువొచ్చింది. పెట్టె తెరిచి యూనిఫాం సర్దుకుంటున్న కొడుకుకి క్రైస్తవ కుటుంబాల్లో ప్రార్థన చేసి, చిన్న బైబిలు ఒకటి మడతల మధ్య పెట్టి పంపిస్తారు. దాన్ని అతను అక్కడ ఎలా చదువుకుంటాడు? ఆదివారం ఎక్కడికి వెళతాడు? పటాలమంతా హారతి దగ్గర నిలబడితే తనేం చేస్తాడు?

మెన్నో నడిచిన దారి

మెన్నో సైమన్స్ నెదర్లాండ్స్‌లో కేథలిక్ ఫాదర్. 1536లో ఆ బాధ్యత వదిలేసి, పెద్దయ్యాకే బాప్తిస్మం తీసుకోవాలనే ఓ కొత్త గుంపులో కలిశాడు. ఆ గుంపు నియమాలు రాజులకు మింగుడుపడేవి కావు. ప్రభువు పిలిచినా కత్తి పట్టకూడదు. న్యాయస్థానంలోనైనా ఒట్టు వేయకూడదు. చెంపదెబ్బ కొట్టినవాడికి రెండో చెంప చూపించమన్న క్రీస్తు మాటను వాళ్లు అక్షరాలా పట్టుకున్నారు. తరుముతుంటే పోలెండ్, ప్రష్యా ప్రాంతాలకు పోయారు. అక్కడా ఒత్తిడి పెరిగితే రష్యాకు కదిలారు. సైన్యంలో చేరనక్కర్లేదని చక్రవర్తిని కేథరిన్ మాటిచ్చి భూములిచ్చింది. 1789 నుంచి, ఇప్పటి ఉక్రెయిన్‌లోని మైదానాల్లో గోధుమ పండించుకుంటూ బతికారు. 1860లో వాళ్లలోంచే మెన్నోనైట్ బ్రదరన్ శాఖ పుట్టింది.

1874లో రష్యా అందరికీ సైనిక సేవ తప్పనిసరి చేసింది. అంతే... పండిన పొలాలు, కట్టుకున్న ఇళ్లు అమ్ముకుని పదేళ్లలో సుమారు 18 వేల మంది అమెరికా, కెనడాల ఓడలెక్కేశారు. ఉండిపోయినవాళ్లు ప్రభుత్వంతో మాట్లాడుకుని సైన్యానికి బదులు అడవుల్లో మొక్కలు నాటే పని ఒప్పుకున్నారు.

అలా ఉండిపోయిన కుటుంబాల నుంచే అబ్రహాం ఫ్రీజన్, మరియా దంపతులు 1889లో మన దేశానికి బయల్దేరి 1890 నాటికి నల్గొండ చేరారు. నిజాం రాజ్యంలోని ఆ ఊరే, ప్రపంచంలో మెన్నోనైట్ బ్రదరన్ మిషనరీలు అడుగుపెట్టిన మొదటి ఊళ్లలో ఒకటి. సొంతంగా మిషన్ నడిపే స్తోమత లేక అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద పనిచేశారు. నల్గొండ నుంచి సూర్యాపేట, భువనగిరి, జనగామలకు ఆ పని పాకింది. అమెరికాకు వెళ్లిపోయిన శాఖవాళ్లు 1899లో విడిగా హైదరాబాద్ వచ్చారు. మలక్‌పేటలో మొదలుపెట్టి దక్షిణానికి దిగారు. నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి అలా వచ్చినవే. మహబూబ్‌నగర్, గద్వాల మిషన్లను 1937లో బాప్టిస్టుల నుంచి తీసుకున్నారు.

వాళ్లలో ఒకావిడ గురించి చెప్పుకోవాలి. డాక్టర్ కేథరీనా షెల్లెన్‌బర్గ్. రష్యాలో పుట్టి, చిన్నతనంలోనే ఇంటివాళ్లతో అమెరికా వలసపోయి, డాక్టరై 1907లో ఇక్కడికి వచ్చారు. శంషాబాద్‌లో ఆస్పత్రి నడుపుతూ 1945లో అక్కడే కన్నుమూశారు. సైనిక సేవ వద్దనుకుని సముద్రం దాటిన తరం బిడ్డ, మన పల్లెల ఆడవాళ్లకు పురుళ్లు పోస్తూ, పుళ్లు కడుగుతూ జీవితం గడిపేశారు.

డప్పు మానేసినవాళ్లు

ఇంత కథ వెనకున్నా, ‘తుపాకీ పట్టొద్దు’ అన్న పాఠం మన పల్లెల్లో గట్టిగా నాటుకోలేదు. అందుకు కారణాలు వెతకడం పెద్ద కష్టమేం కాదు. బాప్టిస్టులకు ఆ నియమం లేదు, నల్గొండలో పని జరిగింది వాళ్ల గొడుగు కిందే. పైగా నిజాం రాజ్యంలో మాల మాదిగ వాడల్లోకి వచ్చి ‘సైన్యంలో చేరతావా, చస్తావా’ అని అడిగినవాళ్లు లేరు. వెట్టి చేస్తావా చస్తావా అని అడిగినవాళ్లే ఎక్కువ. మన దేశంలో ఇప్పటికీ నిర్బంధ సైనిక సేవ లేదు. చేరేవాళ్లు ఇష్టపడే చేరతారు. అడగని ప్రశ్నకు జవాబు ఎవరు దాచుకుంటారు?

తుపాకీ అంటే తెలియని నేల కూడా కాదిది. 1946 నుంచి 1951 దాకా నల్గొండ పల్లెలు సాయుధ పోరాటాన్ని చూశాయి. రజాకార్లను చూశాయి. 1948 సెప్టెంబరులో విజయవాడ వైపు నుంచి వచ్చిన భారత సైన్యం మునగాల, సూర్యాపేటల మీదుగానే కదిలింది. ఇన్ని చూసిన ఊళ్లో ‘శాంతి సంఘం’ అనే మాట పుస్తకంలోనే ఉండిపోయిందంటే తప్పుపట్టలేం.

ఆ మాటకొస్తే అమెరికాలోనూ ఇదే కథ. రెండో ప్రపంచ యుద్ధంలో పిలుపు అందుకున్న మెన్నోనైట్ యువకుల్లో సుమారు సగం మంది తుపాకీ వద్దని అడవుల్లో, పిచ్చాసుపత్రుల్లో జీతం లేని పనికి వెళ్లారు. 40 శాతం దాకా మామూలు సైనికులుగానే వెళ్లిపోయారు.

కొత్తగా నమ్ముకున్న తెలుగు క్రైస్తవుడికి ఎదురైన ప్రశ్న వేరు. ప్రసాదం తినొచ్చా? బొట్టు పెట్టుకోవచ్చా? ఊరి జాతరలో డప్పు కొట్టాలా, వద్దా? 1860లు, 70ల్లో ఒంగోలు ప్రాంతంలో జాన్ క్లౌ దొర దగ్గర బాప్తిస్మం తీసుకున్న మాదిగలు గ్రామదేవత కొలువులకు డప్పు కొట్టమని తేల్చి చెప్పారు. ఊరిపెద్దలు, కరణాలు ఊరుకోలేదు. పని ఆపేశారు, బావి దగ్గరికి రానివ్వలేదు, కేసులు పెట్టారు. అయినా డప్పు మోగలేదు. తెలుగు క్రైస్తవానికి ‘కాదు’ అనడం అలవాటైంది యుద్ధం దగ్గర కాదు, కొలువు దగ్గర. సరిగ్గా ఆ ప్రశ్నే వందేళ్లకు పైబడ్డాక యూనిఫాం వేసుకుని మళ్లీ వచ్చింది.

కసమ్ పరేడ్

పాలమూరు నుంచి మిలిటరీకి దారి ఎక్కువ దూరం కాదు. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో ఈఎంఈ, ఆర్డ్‌నెన్స్ శిక్షణ కేంద్రాలున్నాయి. గోల్కొండలో ఆర్టిలరీ సెంటర్ ఉంది. మద్రాస్ రెజిమెంట్‌కు ఎంపికైతే నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌కు వెళ్లాలి. 2022 నుంచి అగ్నివీరులుగా చేరే జవాన్లకు తొలి ఒప్పందం నాలుగేళ్లు.

శిక్షణ ముగిశాక జరిగేది కసమ్ పరేడ్. రంగరూట్లు వరుసగా వచ్చి తమ తమ మత గ్రంథం మీద చేయి పెట్టి రాజ్యాంగానికి విధేయులమని ప్రమాణం చేస్తారు. గీత, ఖురాన్, గురుగ్రంథం, బైబిలు... అన్నీ అక్కడుంటాయి. ఒట్టే వేయొద్దన్న మెన్నో పేరిట కట్టిన చర్చి బిడ్డ బైబిలు మీద చేయి పెట్టి ఒట్టు వేస్తాడన్నమాట! నిజానికి చట్టంలో ఓ వెసులుబాటుంది. దేవుడి పేరు తీయకుండా ‘మనస్సాక్షిగా ధ్రువీకరిస్తున్నాను’ అని కూడా చెప్పొచ్చు.

ఆ తర్వాత రోజువారీ జీవితం. భారత సైన్యంలో మత బోధకులు ప్రత్యేకంగా ఉంటారు. పండిట్, గ్రంథి, మౌల్వీ, పాద్రీ, బౌద్ధ భిక్షువు... వీళ్లు నాయబ్ సుబేదార్ హోదాలో చేరతారు. యూనిట్‌లో ఏ మతంవాళ్లు ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి నియామకం. అన్ని మతాలకూ ఒకే కప్పు కింద చోటిచ్చే ‘సర్వ ధర్మ స్థల్’ చాలాచోట్ల కనిపిస్తుంది. వారానికోసారి మందిర్ పరేడ్ ఉంటుంది. అది ఆదివారమే వస్తే, మన ఊళ్లో చర్చి గంట మోగే వేళకు ఇక్కడి కుర్రాడు అక్కడ గుడి ముందు వరుసలో ఉంటాడు. క్రిస్మస్‌కు బడాఖానాలో అందరూ కలిసి కూర్చుని తింటారు. పాతకాలపు రెజిమెంట్లకు ఎవరి రణ నినాదం వాళ్లది. మద్రాస్ రెజిమెంట్‌వాళ్లు ‘వీర మద్రాసీ, అడి కొల్లు’ అంటారు. రాజ్‌పుతానా రైఫిల్స్‌లో ‘రాజా రామచంద్ర కీ జై!’

నాగాలాండ్‌కు చెందిన కెప్టెన్ కెంగురూసే క్రైస్తవుడు. పనిచేసింది 2 రాజ్‌పుతానా రైఫిల్స్‌లో. 1999 కార్గిల్ యుద్ధంలో జూన్ 28 రాత్రి, పదహారు వేల అడుగుల ఎత్తున, మంచు పట్టిన నిట్టనిలువు బండ ఎక్కడానికి బూట్లు జారుతున్నాయని విప్పేసి వట్టి కాళ్లతో ఎక్కాడు. శత్రువుల బంకరు పేల్చి అక్కడే నేలకొరిగాడు. మరణానంతరం మహావీర్ చక్ర వచ్చింది. ‘నింబూ సాబ్’ అని ముద్దుగా పిలుచుకున్న జవాన్లు ఆయన మతమేంటని లెక్కపెట్టుకుని వెంట నడవలేదు. 1971లో గంగాసాగర్ దగ్గర ప్రాణాలిచ్చి పరమవీర చక్ర పొందిన లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా కూడా క్రైస్తవుడే. కాబట్టి నమ్మకానికీ ధైర్యానికీ పొత్తు కుదరదనే వాదన నిలవదు. చిక్కంతా మరోచోట ఉంది.

గర్భగుడి ముందు ఆగిన అడుగు

లెఫ్టినెంట్ శామ్యూల్ కమలేశన్ 2017 మార్చిలో 3వ క్యావల్రీ రెజిమెంట్‌లో అధికారిగా చేరాడు. ఆయన కింద ఉన్నది సిక్కు జవాన్లు. అక్కడ గుడి ఉంది, గురుద్వారా ఉంది. సర్వ ధర్మ స్థల్ లేదు, చర్చి లేదు. వారం వారం జరిగే పరేడ్‌లకు జవాన్లతో పాటు వెళ్లేవాడు. పండగల్లో పాల్గొనేవాడు. పూజ, హారతి జరిగేటప్పుడు గర్భగుడి లోపలికి మాత్రం రానన్నాడు. బూట్లు, బెల్టు తీసేసి, అవసరమైతే తలపాగా చుట్టుకుని ఆవరణలో గౌరవంగా నిలబడతానన్నాడు. ఏకైక దేవుణ్నే ఆరాధించాలన్న తన నమ్మకాన్ని, అవతల జవాన్ల మనోభావాన్ని కూడా కాపాడటానికే ఇలా అన్నది ఆయన వాదన.

పై అధికారులు నచ్చజెప్పారు. పాస్టర్‌తో మాట్లాడించారు. మిగతా క్రైస్తవ అధికారులు ఎలా సర్దుకుపోతున్నారో చెప్పారు. ఆయన మారలేదు. 2021 మార్చి 3న పెన్షన్, గ్రాట్యుటీ లేకుండా కొలువు నుంచి తొలగించారు. 2025 మే 30న ఢిల్లీ హైకోర్టు ఆ నిర్ణయాన్ని సమర్థించింది. ఇక్కడ తేల్చాల్సింది మతస్వేచ్ఛ కాదని, పై అధికారి ఇచ్చిన చట్టబద్ధమైన ఆదేశం కంటే తన మతాన్ని ఎక్కువ చేసుకోవడమేనని చెప్పింది. నవంబర్ 25న సుప్రీంకోర్టులో ప్రధాన న్యాయమూర్తి సూర్యకాంత్, జస్టిస్ జోయ్‌మాల్య బాగ్చీల ధర్మాసనం కూడా జోక్యం చేసుకోలేదు. తన జవాన్ల విశ్వాసాన్ని గౌరవించలేని నాయకుడు వాళ్లను ఎలా నడిపిస్తాడని గట్టిగానే మందలించింది. పాస్టరే తప్పులేదంటే నీకేంటని అడిగింది. మొదటి ఆజ్ఞ ప్రకారం కుదరదని లాయర్ బదులిచ్చారు.

తీర్పు వెనక చట్టం గట్టిదే. 25వ అధికరణం ఇచ్చిన మతస్వేచ్ఛను సైన్యం విషయంలో కుదించే అధికారం 33వ అధికరణం పార్లమెంటుకు ఇస్తోంది. జాతీయ గీతం పాడకుండా మౌనంగా నిలబడ్డ కేరళ పిల్లలను బడి నుంచి తీసేయడం తప్పని 1986లో చెప్పిన సుప్రీంకోర్టే, వైమానిక దళంలో గడ్డం పెంచుకుంటానన్న ముస్లిం ఉద్యోగికి 2016లో కుదరదంది. బడి వేరు, బ్యారక్ వేరు. వందమంది ప్రాణాలు ఒకడి మాట మీద ఆధారపడేచోట ఆ ఒక్కడు గడప బయట ఆగిపోతే లోపలున్నవాళ్లకు ఏమనిపిస్తుంది? సైన్యం అడిగే ఈ ప్రశ్న కొట్టిపారేసేది కాదు. అలాగే, గుడి, గురుద్వారా ఉన్నచోట అందరికీ కలిపి ఒక్క గది ఎందుకు లేకపోయింది, లోపలికి రాకపోయినా ఆవరణ దాకా వచ్చిన మనిషిని అక్కడే ఉండనిస్తే ఏం పోయేది అన్న ప్రశ్నలు కూడా తీర్పుతో చెరిగిపోవు. ఒంగోలు మాదిగ డప్పు మానేసినప్పుడు ఊళ్లో అందరికంటే కింద ఉన్నాడు. కమలేశన్ తన జవాన్లకు పైనున్నాడు. కోర్టులు చూసింది ఆ తేడానే.

నయమాను అడిగింది

బైబిల్లో సైనికులు తక్కువేం కాదు. దాసుడి జబ్బు నయం చేయమని వచ్చిన శతాధిపతి విశ్వాసాన్ని ఏసు మెచ్చుకున్నాడు. తామేం చేయాలని అడిగిన సిపాయిలకు బాప్తిస్మమిచ్చే యోహాను జనాన్ని పీడించొద్దని, జీతంతో తృప్తి పడమని చెప్పాడే తప్ప కొలువు మానేయమనలేదు.

ఈ గడప గొడవకు దగ్గరగా ఉన్నది మాత్రం సిరియా సేనాధిపతి నయమాను కథ. ఆదివారం బడిలో ప్రతి పిల్లాడూ వింటాడు... యొర్దాను నదిలో ఏడుసార్లు మునిగి కుష్ఠు పోగొట్టుకున్నవాడు. ఆ తర్వాతి ముక్కను పిల్లలకు అంతగా చెప్పరు. ఇకపై యెహోవానే కొలుస్తానన్న నయమాను, ప్రవక్త ఎలీషాను ఓ మినహాయింపు అడిగాడు. మా రాజు రిమ్మోను గుడిలో మొక్కేటప్పుడు నా చేతి మీద ఆనుకుంటాడు, అప్పుడు నేనూ వంగక తప్పదు, అది క్షమించాలి అని. ఎలీషా కోప్పడలేదు. నెమ్మదిగా వెళ్లిరమ్మన్నాడు. అదే బైబిల్లో షద్రకు, మేషాకు, అబేద్నెగోలు బబులోను రాజు ప్రతిమకు మొక్కమని అగ్నిగుండంలోకి నడిచారు. రెండు కథల్లోనూ దేవుడి ఆగ్రహం వాళ్ల మీద పడలేదు. పాస్టర్లు ఏ కథ చెప్పాలో తేల్చుకోలేకపోవడానికి కారణం ఇదే.

ఇది క్రీ.శ. 211 ప్రాంతంలోనూ తేలలేదు. రోమన్ సైన్యంలో బహుమానాలు పంచేరోజున ఓ క్రైస్తవ సిపాయి లారెల్ ఆకుల దండ తలకు పెట్టుకోకుండా చేతిలో పట్టుకుని వచ్చాడు. అది దేవతలకు చెందిన అలంకారమని అతని అభ్యంతరం. జైల్లో పెట్టారు. తోటి క్రైస్తవులే ‘ఆకుల దండ కోసం మనందరి మీదికి తెచ్చాడు’ అని తిట్టుకున్నారు. కార్తేజ్‌లోని తెర్తుల్లియన్ అనే రచయిత అతని పక్షాన ఓ పుస్తకమే రాశాడు. దండ పెట్టుకున్న క్రైస్తవులూ ఆ రోజు అదే వరుసలో ఉన్నారు!

మధ్యదారి వెతుక్కున్నవాళ్లూ ఉన్నారు. అమెరికా సైన్యంలో డెస్మండ్ డాస్ తుపాకీ ముట్టనని, వైద్య సహాయకుడిగా వెళ్లాడు. 1945లో ఒకినావా కొండ మీద నుంచి గాయపడ్డ 75 మందిని తాడు కట్టి కిందికి దించాడు. 2016లో వచ్చిన ‘హ్యాక్సా రిడ్జ్’ సినిమా ఆయన కథే. అయితే గాయాలు కట్టే సిపాయికి కూడా మందిర్ పరేడ్ వారం వారం వస్తూనే ఉంటుంది.

మతం గడి

మన పల్లెల్లో ఇంకో మెలిక ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితుడికి ఎస్సీ హోదా పోతుంది. మన దగ్గర బీసీ-సిలో లెక్కిస్తారు, అందులో రిజర్వేషన్ ఒక శాతం. అందుకే ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చునే ఇంట్లోనూ పిల్లల కాగితాల్లో ‘హిందూ’ అని రాయించడం కొత్తేం కాదు. రిజర్వేషన్ కోసం ఇలా చేయడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఓ కేసులో చెప్పింది కూడా. సిపాయి కొలువులో కుల రిజర్వేషన్లు లేవు. కానీ అక్కడ చూపించే కాగితాలు బడిలో రాయించినవే.

ఆరేళ్ల వయసులో హాస్టల్ సీటు కోసమో, స్కాలర్‌షిప్ కోసమో నాన్న రాయించిన ఆ ఒక్క మాట, పద్దెనిమిదేళ్లకు కొడుకుతో పాటు రెజిమెంట్ దాకా వెళుతుంది. కసమ్ పరేడ్ రోజు బల్ల మీద నాలుగైదు గ్రంథాలుంటాయి. ఏ గ్రంథం ముందు నిలబడాలన్నది రికార్డులోని మతం గడిని బట్టి ఉంటుంది. అమ్మ మడతల మధ్య పెట్టిన బైబిలు ఆ సమయానికి బ్యారక్‌లోని ట్రంకుపెట్టెలో ఉంటుంది.